మగ్గానికి చెప్పిన మాట

ధర్మవరం నుంచి హిందూపురం దాకా ఎవరినైనా అడగండి, పంతొమ్మిదేళ్లలో కోడలితో ఒక్క మాట తేడా రాని మామను నేనొక్కణ్నే. మా వీధివాళ్లు సన్మానం చేస్తామని శాలువా కూడా కొన్నారు. ఎండాకాలం కదా, నేనే వద్దన్నాను.

సరే, శాలువా అబద్ధం. తేడా రాలేదన్నది నిజమే గానీ, మాట్లాడుకుంటే కదా తేడా రావడానికి! మా ఇళ్లల్లో కోడలు మామతో నేరుగా మాట్లాడదు. నా కోడలు మంజులత ఏం చెప్పాలన్నా మగ్గానికి చెబుతుంది: "సంగటి పెట్టినా, చల్లారిపోతాది." నేను పైకప్పుకు జవాబిస్తాను: "వస్తాండా." నా భార్య ఉన్నన్నాళ్లూ అటూ ఇటూ మాట మోసేది. ఆమె పోయింది, మనవరాలు సౌమ్య హిందూపురం కాలేజీ హాస్టల్లో చేరింది. ఇక మగ్గమే దిక్కు.

మంజులత పొద్దున్నే వంట చేసి, నా కొడుకు తిరుపాలు మగ్గానికి పట్టుదారం కండెలు చుట్టి, పదకొండుకు చీరల షాపుకు పోయేది. కండెలకు కూలి లేదు. ఇంటి పనే కదా! షాపులో ఫోన్‌లో వీడియో పెట్టి ఎక్కడెక్కడివాళ్లకో చీరలు చూపిస్తుంది. ఒకసారి బయట నిలబడి విన్నాను. "అంచు పెద్దది వద్దన్నారు, చీర బరువుండకూడదన్నారు. అంతే కదా మేడమ్?" అని, అవతలి మనిషి చెప్పేదాకా ఆగుతోంది. ఎదుటివాళ్లు చెప్పింది తిరిగి చెప్పి సరిచూసుకోవాలని షాపులో నేర్పారట. ఆ గొంతు నేను మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ఇంట్లో నోరు తెరిస్తే తిరుపాలు, "షాపులో వాగింది చాల్లేదా? ఈడ కూడా మొదలుపెట్టినావా?" అనేవాడు. నేను మీసం కింద నవ్వుకునేవాణ్ని.

ఈ ఏడు ఉగాది అయిన వారానికి, పొద్దున్నే పెనుకొండ నుంచి ఫోనొచ్చింది. మంజులత తల్లి నాగమ్మకు గుండెనొప్పి. తిరుపాలు చీరలివ్వడానికి బెంగళూరు పోయాడు, ఫోన్ తీయడం లేదు. వెనక ఒకసారి చెప్పకుండా పుట్టింటికి పోయొచ్చినందుకు, వాడు మధ్యాహ్నం దాకా ఆమెకు తలుపు తీయలేదు. నేను లోపలే కూర్చున్నాను. అందుకే ఇప్పుడు ఇంటి పెద్ద మాట కావాలి. మగ్గం పక్కన నిలబడింది.

"మాయమ్మకు బాగలేదంట. పొమ్మంటే పోతా."

విన్నాను. పప్పులో ఉప్పు తగ్గిందని అలిగి ఉన్నాను. అంత అవసరమైతే మళ్లీ చెబుతుందిలే అనుకున్నాను. మళ్లీ చెప్పింది. మూడోసారీ చెప్పింది. నేను పైకప్పు వైపు కూడా చూడలేదు. ఆమె కూర్చుని కండెలు చుట్టింది.

రెండింటికి తిరుపాలు ఫోన్ తీసి పొమ్మన్నాడు. ఆమె పెనుకొండలో బస్సు దిగి ఇంటికి చేరేసరికి నాగమ్మ శవానికి స్నానం చేయించి, వాకిట్లో కూర్చోబెట్టి ఉన్నారు.

పదకొండో రోజు దాటాక తిరిగొచ్చి, నేరుగా నా ఎదుట నిలబడింది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆమె కళ్లు చూశాను. తేనెరంగువి.

"మామా, ఆ పొద్దు నేను చెప్పింది నీకు ఇనిపించిందా?"

"ఇనిపించింది."

ఆ పొద్దు ఆమె కండె చుట్టినంతసేపూ నేను కనీసం దగ్గుతానేమోనని, దగ్గితే దాన్నే సరే అనుకుని లేచి పోదామని చెవులు నా వైపే పెట్టుకుని ఉందట. పోగు రెండుసార్లు తెగిందట. ఏడవకుండా చెప్పింది ఇదంతా.

"చీర కొననోళ్లు కూడా వద్దని చెప్పి ఫోను పెడతారు మామా. నువ్వు వద్దని చెప్పినా బాగుండు. నీ మాట కాదని పోయిండేదాన్ని."

నేను అలవాటుగా పైకప్పు వైపు చూశాను.

"హిందూపురంలో మా షాపోళ్లు కొత్తది తెరుస్తాండారు. నేను ఆడికి పోతాండా. సౌమ్య నాతోనే ఉంటాది. అడగడంలే, చెప్తాండా."

తిరుపాలు మగ్గం గుంటలోంచి లేచాడు. "ఎవర్నడిగి పోతాండావే?"

"నువ్వు ఆ పొద్దు ఫోను తీసింటే నిన్నే అడిగేదాన్ని," అంది.

సంచి భుజాన వేసుకుంది. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగి, "రాత్రి మాత్తర్లు మర్చిపోవాకు మామా," అంది.

మిగతాదంతా జరిగిందే. మాత్తర్ల మాట ఒక్కటి నేను కల్పించుకున్నది. ఆమె గడప దగ్గర ఆగలేదు.