పిట్టల దిబ్బ చూసిన కెమెరా

నేను ఒక కెమెరాను. జపానులో తయారయ్యానని నా అడుగున రాసి ఉంది కానీ, నాకు లోకం తెలిసింది దివిసీమలోనే. అవనిగడ్డలో వీరభద్రంగారి స్టూడియోలో చాలా ఏళ్లు పెళ్లిళ్లు తీశాను. నన్ను చూడగానే పెద్దమనుషులు పొట్ట లోపలికి పీల్చుకునేవారు. అంతకుముందే పోట్లాడుకున్న తోడికోడళ్లు ఒకరి భుజంమీద ఒకరు చెయ్యి వేసుకునేవారు. నాలో నేను నవ్వుకునేదాన్ని. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. చూపు మందగించిన వీరభద్రంగారు, తన దగ్గర పని నేర్చుకున్న సుధీంద్రకు నన్ను ఇచ్చేశారు.

సుధీంద్ర బ్యాంకు ఉద్యోగి. ఆదివారం వస్తే నాకు పొడవాటి లెన్సు తగిలించి పిట్టల వెంట తిరిగేవాడు. ఒక వేసవిలో కృష్ణ సముద్రంలో కలిసేచోట, పడవమీద తప్ప చేరలేని ఇసుక దిబ్బకు వెళ్లాం. అక్కడే నాంచారమ్మను చూశాను. చేపలు ఎండబెట్టుకోవడానికి దిబ్బమీద పాక వేసుకుని, ఒంటరిగా ఉండే మనిషి. దిబ్బకు అవతలి కొసన సముద్రపు పిట్టలు ఇసుకలో చిన్న గుంటలు చేసుకుని గుడ్లు పెట్టేవి. చేపల వేటకు వచ్చేవాళ్ల కుక్కలు అటు పోకుండా ఆమె గుంజలు పాతి, చిరిగిన వలలు కట్టింది.

"నీకెందుకు ఇంత శ్రమ?" అని సుధీంద్ర అడిగాడు.

"మా ఆయన సముద్రంలో పోయిన ఏడు ఈడ ఒక్కదాన్నే ఉండిపోయాను బాబూ. పలకరించే దిక్కు లేదు. ఇయ్యే అరుసుకుంటా నా చుట్టూ తిరిగేయి."

మొదట్లో ఆమె మమ్మల్ని వలల దాకా కూడా రానివ్వలేదు. సుధీంద్ర "అక్కా" అని పిలిచి, ఆమె పెట్టిన చేపల పులుసు తిని, ఆమెతో కలిసి గుంజలు పాతాక మెత్తబడింది. పాత పడవ తెరచాపను మామీద కప్పి, కదలొద్దని చెప్పి వెళ్లింది. కాసేపటికి ఇసుకే లేచి నడిచినట్టు పిల్లలు బయటికి వచ్చాయి. ఒంటినిండా ఇసుకరంగు నూగు, కింద అగ్గిపుల్లల్లాంటి కాళ్లు. తల్లి రెక్క కాస్త ఎత్తితే రెండు పిల్లలు ఆ నీడలోకి దూరాయి. సుధీంద్ర ఆ బొమ్మ తీశాడు. ఎన్ని పెళ్లిళ్లు తీసినా అంత సంతోషం నాకు తెలియదు.

పడవ ఎక్కేముందు నాంచారమ్మ అంది: "ఈ చోటు ఎవరికీ చెప్పమాక తమ్ముడా. జనం వొస్తే తల్లులు లేచిపోతాయి. ఎండకి పిల్లలు నిలవ్వు."

"నీమీద ఒట్టు అక్కా," అన్నాడు సుధీంద్ర. నేనూ నమ్మాను.

ఆ బొమ్మ చూసి విజయవాడ ఫొటోగ్రాఫర్లు ఆయన్ను తమ సంఘంలో చేర్చుకున్నారు. ఎక్కడ తీశావని అడిగితే మొదట నవ్వి ఊరుకునేవాడు. అడిగేకొద్దీ ఆ నవ్వులో గర్వం పెరగడం నేను గమనించాను.

ఒకరోజు నాంచారమ్మ ఫోన్ చేసింది. "మా అమ్మాయికి కాన్పు నొప్పులొస్తన్నాయి. బందరు ఆసుపత్రికి తీసుకుపోతన్నాను. ఈ ఆదివారం నేనుండను, రామాక."

"అలాగే అక్కా, జాగ్రత్త," అన్నాడు. ఫోన్ పెట్టేసి, వెంటనే సంఘంవాళ్లకు చేశాడు. "ఈ ఆదివారం వెళ్దాం. అక్కడ అడ్డు చెప్పేవాళ్లెవరూ ఉండరు."

ఆయన మెడలో వేలాడుతూ నేనూ వెళ్లాను. కెమెరాలకు వేరే దారి ఉండదు. వచ్చినవాళ్లు గుంజలు పీకేసి వలలు పక్కకు లాగారు. గూళ్ల మధ్య స్టాండ్లు నిలిపారు. తల్లులు పైకి లేచి, మా తలలమీద తిరుగుతూ గొంతు చించుకున్నాయి. ఎండ నెత్తిమీదికి వచ్చినా ఎవరూ కదల్లేదు.

ఒక పిల్ల ఇసుక వేడికి తాళలేక పరుగెత్తుకొచ్చి, సుధీంద్ర బూటు నీడలో ఒదిగింది. నోరు తెరిచి రొప్పుతోంది. సుధీంద్ర నన్ను దానిమీదికి వంచాడు.

"మొహం నీడలో పడింది, కాస్త వెనక్కి జరగండి," అన్నారెవరో.

ఆయన జరిగాడు. పిల్ల లేచి మళ్లీ ఆ నీడలోకే వచ్చింది. మళ్లీ జరిగాడు. మళ్లీ వచ్చింది. అందరూ ముచ్చటపడి నవ్వారు. ఆ తర్వాత జరిగినప్పుడు అది లేవలేదు. సుధీంద్ర వేలితో కదిపి చూశాడు. అలవాటుకొద్దీ దాన్నీ ఒక ఫొటో తీసి, అటూ ఇటూ చూసి, బొటనవేలితో చెరిపేశాడు. నా దగ్గర మిగిలింది నీడలో ఒదిగిన బొమ్మ ఒక్కటే.

ఆ బొమ్మకు 'నమ్మకం' అని పేరు పెట్టాడు. బహుమతి వచ్చింది. సంఘం హాల్లో దాన్ని పెద్దదిగా చేసి గోడకు తగిలించారు. సుధీంద్ర కొత్త కెమెరా కొనుక్కుని, నన్ను ఆ బొమ్మ కింద అద్దాల పెట్టెలో పెట్టించాడు.

ప్రదర్శన మొదటిరోజే నాంచారమ్మ వచ్చింది. కూతురు ఫోన్లో ఆ ఫొటో చూపించిందట. ఉతికిన చీర కట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. సుధీంద్ర గబగబా వచ్చాడు.

"అక్కా, అమ్మాయి బాగుందా?"

"బాగుంది. మగపిల్లోడు." చూపు బొమ్మమీద నుంచి తిప్పలేదు. "నేను లేని రోజు చూసుకుని పోయావు."

సుధీంద్ర చుట్టూ చూశాడు. అతిథులు దగ్గరికి వస్తున్నారు. "తర్వాత మాట్లాడుకుందాం అక్కా."

"ఈ పిల్ల ఏమయింది?"

"పెద్దదైంది. ఎగిరిపోయింది."

ఆమె అప్పుడు ఆయన మొహంలోకి చూసింది. "ఆస్పత్రి నుంచి వొచ్చాక దిబ్బంతా తిరిగాను. దొరికినయ్యన్నీ నా చేత్తోనే ఇసకలో పెట్టాను," అంది. "ఇంక నన్ను అక్కా అనమాక."

గుమ్మం బయట చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. ఆమె ఎవరని ఒక అతిథి అడిగాడు. అక్కడ చేపలు ఎండబెట్టుకునే ఆవిడ అన్నాడు సుధీంద్ర. అని, నా అద్దాల పెట్టెమీద చెయ్యి ఆనించి, ఆ పిల్ల తన దగ్గరికి ఎంత నమ్మకంగా నడిచి వచ్చిందో వాళ్లకు చెప్పసాగాడు.