బూచికి రక్తం కావాలి

తడిగుడ్డ పెట్టడానికి నాకు దీపం అక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా తుడుస్తున్న ఇల్లు, ఏ మూల ఎక్కడుందో నా మోకాళ్ళకు తెలుసు. పొద్దున్నే ఐదింటికి లేస్తాను. హాల్లో లైటు వేస్తే అత్తగారికి నిద్ర చెడుతుంది. ఆవిడకు నిద్ర చెడితే మా ఆయనకు మనశ్శాంతి చెడుతుంది. ఆయనకది చెడితే ఇక నా రోజంతా చెడినట్టే. అందుకని చీకట్లోనే బకెట్టు, ఫినాయిలు, గుడ్డ. మా కుక్క బూచి ఎప్పుడైనా ఆపుకోలేక వెనక తలుపు దగ్గర తడిపిందంటే, అత్తగారు లేచేలోపు ఆ తడి మాయమైపోవాలి. దాన్ని ఇంట్లోకి రానిచ్చిన రోజునే ఆవిడ చెప్పేసింది. “ఉంచుకుంటే ఉంచుకో. నేను లేచేసరికి నేల మీద ఒక్క చుక్క కనబడిందా, ఆ పూటే దాన్ని పంపించెయ్యాలి.” తొమ్మిదేళ్ళయింది. ఆవిడకు ఒక్క చుక్క కనబడనివ్వలేదు నేను.

బూచిని తెచ్చింది నేను కాదు. మా అమ్మాయి పదేళ్ళప్పుడు వానలో తడుస్తున్న నల్లటి కుక్కపిల్లను గౌనులో చుట్టుకొచ్చి, “నేనే చూసుకుంటానమ్మా, ఒట్టు” అంది. పిల్లలు ఒట్లు వేస్తారు, తల్లులు తీరుస్తారు. ఇప్పుడు అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, బూచి నాకు మిగిలింది. మా ఆయనకు మాత్రం దాని విషయంలో రెండు మాటలున్నాయి. ఇంటికెవరైనా వస్తే “మా కుక్క ఎంత తెలివైందో చూశారా?”, చెప్పు కొరికితే “నీ కుక్క ఏం చేసిందో చూశావా?”. అమ్మాయి సంగతీ అంతే అనుకోండి. ఫస్టొస్తే ఆయన కూతురు, ఎదురు చెప్తే నా కూతురు.

పోయిన వారం వరసగా నాలుగు రోజులు వెనక తలుపు దగ్గర తడిసింది. వయసైపోతోంది పాపం అనుకుని చీకట్లోనే తుడిచాను, బాత్రూంలో గుడ్డ జాడించాను, నీళ్ళు పారబోశాను. మూడో రోజు జాడిస్తుంటే బకెట్లో నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. కుళాయి తుప్పేమో అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలనుకున్నానా అని ఇప్పుడు నన్ను నేను అడుగుతుంటే జవాబు చెప్పడానికి సిగ్గేస్తోంది. నేను చేసే ఉద్యోగమేమిటో తెలుసా? బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్. రోజుకు ఐదారు వందల చొక్కాలు ట్యూబులైటు కింద పరిచి, ఆవగింజంత మరక ఉన్నా పట్టుకుని స్టిక్కరు అంటించి పక్కన పడేస్తాను. అలాంటి దాన్ని, నా ఇంట్లో నా చేత్తో పారబోసిన నీళ్ళ రంగు చూడలేదు. చూస్తే చెప్పాలి. చెప్తే ఏం వినాల్సొస్తుందో నాకు ముందే తెలుసు. బూచి తిండి మానేసింది. “వేషాలు,” అన్నాడు మా ఆయన. “నువ్వే నెత్తికెక్కించుకున్నావు.” ఆ వేషాలనే మాట నా జ్వరాలప్పుడు కూడా విన్నాను కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు.

ఐదో రోజు పొద్దున బూచి ఆ తడిలోనే పడుకుని ఉంది. లేపబోతే కాళ్ళు నిలబడలేదు. తల మాత్రం ఎత్తి, తప్పు చేసినట్టు నా వంక చూసింది. అప్పుడు వేశాను లైటు. అమ్మో! నేల మీద ఉన్నది మూత్రంలా లేదు, చిక్కటి డికాషనులా ఉంది. కళ్ళలో తెల్లగా ఉండాల్సిన చోట పసుపు తిరిగింది. ఊపిరి ఎగశ్వాసలా కొట్టుకుంటోంది.

మా ఆయన కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. “లైటెందుకు వేశావు? అమ్మ లేస్తుంది.”

“బూచికి రక్తం పోతోందండీ. చూడండి ఒకసారి.”

“సాయంత్రం చూద్దాంలే. ముందు నా టిఫిన్ బాక్సు సంగతి చూడు.”

చూశాను. అదే నాకిప్పటికీ మింగుడు పడదు. ముందు బాక్సు కట్టాను, అత్తగారికి టీ పెట్టిచ్చాను, నేల తుడిచాను. బూచి తుండుగుడ్డ మీద పడుకుని నేను అటూ ఇటూ తిరుగుతుంటే కళ్ళతోనే వెంటాడింది. అన్నీ అయ్యాక దాన్నెత్తుకున్నాను. పద్దెనిమిది కిలోల కుక్క, మెడ వేలాడేసరికి ముప్పై కిలోల బరువనిపించింది. మొదటి టాక్సీవాడు “సీటు పాడవుద్దమ్మా” అని వెళ్ళిపోయాడు. రెండోవాడు ఏమీ అనకుండా వెనక తలుపు తీశాడు. దారిలో మా సూపర్‌వైజరుకు ఫోన్ చేశాను.

“కుక్కకి బాలేదని సెలవా?” అని నవ్వాడు. “ఇవాళ కుక్క, రేపు చిలక్కి జ్వరం అంటారు. సరుకు వెళ్ళే రోజమ్మా, ఎలా ఇస్తాను?”

తెలివితక్కువదాన్ని, అత్తగారికి బాలేదని చెప్పుంటే పువ్వుల్లో పెట్టి పంపించేవాడు. “ఇవ్వకపోయినా రానండీ” అని ఫోన్ పెట్టేశాను. ఆ మాట అన్నది నేనేనా అని ఒక క్షణం ఆశ్చర్యమేసింది గానీ, బూచి ఊపిరి వింటుంటే ఆశ్చర్యపడే తీరిక లేకపోయింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అమ్మాయి కంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదేమో. బూచి పై పెదవి ఎత్తి చూపించింది. చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి. రక్తం తీసి, ఒక చుక్క గాజుపలక మీద వేసి అటూ ఇటూ వంచింది. సాఫీగా పారాల్సిన చుక్క రవ్వరవ్వగా ముద్ద కట్టింది. ఆ పిల్ల మొహం మారిపోవడం నేను చూశాను.

“దీని ఒంట్లో రోగాలు రాకుండా కాపలా కాసే కణాలుంటాయమ్మా. అవి దారితప్పి దీని రక్తాన్నే చంపేస్తున్నాయి. నూటికి నలభై పాళ్ళ పైన ఉండాల్సిన ఎర్రకణాలు పదమూడుకి వచ్చాయి. ఎప్పట్నుంచి ఎర్రగా పోస్తోంది?”

“ఈ రోజే,” అన్నాను.

చూశారా, ఎలా వచ్చేసిందో! ఎవరూ బెదిరించలేదు, ఎవరూ తిట్టలేదు. ఇంట్లో ఏది జరిగినా బయటపడకుండా సర్దే నోరు కదా, దానంతటదే సర్దేసింది. డాక్టరమ్మ ‘ఈ రోజే’ అని రాసుకుంది. ఆ అక్షరాల మీద వేలు పెట్టాను. “కాదమ్మా,” అన్నాను. “నాలుగు రోజులైంది. ఐదేమో కూడా. నేనే తుడిచేశాను. చీకట్లో.”

“చీకట్లో ఎందుకు?”

“లైటు వెయ్యకూడదు మా ఇంట్లో.”

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. ఏమంటుందో అనుకున్నాను. రాసింది కొట్టేసి మళ్ళీ రాసింది, అంతే. తర్వాత నెమ్మదిగా, “రెండు రోజుల ముందు వచ్చుంటే మందుతో ఆపగలిగేవాళ్ళం. ఇప్పుడు మందు పనిచేసేదాకా ఇది బతికుండాలంటే రక్తం ఎక్కించాలి. మధ్యాహ్నం లోపు” అంది. నా బూచిని నేనే చంపుకున్నాను అని నాకు వినపడింది. ఆవిడ ఆ మాట అనలేదు. అయినా వినపడింది.

రక్తం ఇవ్వడానికి పాతిక కిలోలు దాటిన ఆరోగ్యమైన కుక్క కావాలట. డాక్టరమ్మ తనకు తెలిసిన నలుగురికి ఫోన్ చేసింది. ఒకరు ఊళ్ళో లేరు, ఒకరి కుక్క ఈనింది, మిగతా ఇద్దరూ ఎత్తలేదు. నాకు తెలిసిన పెద్ద కుక్క లోకంలో ఒక్కటే ఉంది. మా ఆయన మేనేజరుగారి కుక్క, జనరల్. పోయినేడాది వాళ్ళింట్లో విందంటే మా ఆయన నన్నడక్కుండానే “మా ఆవిడ వండుతుంది సార్” అని మాటిచ్చేశాడు. నలభై మందికి వండాను. ఆ వంటగది గుమ్మంలో దూడంత కుక్క అడ్డంగా పడుకుని ఉంటే, దాన్ని దాటుకుంటూనే గిన్నెలన్నీ మోశాను. మా ఆయనకు ఫోన్ చేశాను.

“ఏమని అడగమంటావు? సార్, మీ కుక్క రక్తం కాస్త ఇప్పిస్తారా అనా? ప్రమోషన్లిచ్చే టైములో నా పరువు తియ్యకు.”

“చచ్చిపోతుందండీ.”

“కుక్కే కదా,” అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఓదారుస్తున్నట్టు అన్నాడు.

బూచి నాలుక కూడా తెల్లబడింది. డాక్టరమ్మ దానికి ఆక్సిజన్ గొట్టం పెట్టి గోడ గడియారం వంక చూసింది. నేను ఫోన్లో మేనేజరుగారి భార్య నంబరు వెతికాను. విందు రోజున మా గిన్నె ఒకటి వాళ్ళింట్లో ఉండిపోతే, తిరిగి పంపడానికని ఆవిడ ఇచ్చిన నంబరు. విషయమంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మధ్యలో ఏడ్చాను కూడా, ఏడవకూడదనుకుంటూనే.

“ఆయన్ని అడిగి చెప్తానమ్మా,” అంది ఆవిడ.

ఆ మాట నాకు బాగా తెలుసు. చీటీ కట్టమన్నా, సినిమాకి రమ్మన్నా, ఓవర్‌టైము చేస్తావా అన్నా నేను చెప్పే జవాబూ అదే. నోటితో కాదనలేక అనే మాట అది. కానీ ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు. ఊపిరి వినపడుతూనే ఉంది.

“అడగనులే,” అంది చివరికి. “అడిగితే వద్దంటారు. ఎక్కడికి తీసుకురావాలి?”

ముప్పావు గంటలో మేనేజరుగారి కారులో, డ్రైవరుతో వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది, రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు. “ముప్పై ఎనిమిది కిలోలు. నేను తీసుకురావడమేంటి, ఇదే నన్ను ఈడ్చుకొచ్చింది” అని ఆయాసపడుతూ నవ్వింది. జనరల్‌ను బల్ల మీదికెక్కించడానికి ముగ్గురం పట్టాల్సొచ్చింది. మెడ దగ్గర బొచ్చు గొరిగి సూది గుచ్చుతుంటే ఆవిడ దాని చెవిలో “కదలకురా నాన్నా, బంగారుకొండవి కదూ, అయిపోయింది అయిపోయింది” అంటూనే ఉంది. అంత పెద్ద కుక్కా చిన్నపిల్లాడిలా ఆవిడ భుజం మీద తల పెట్టుకుని ఓర్చుకుంది.

“దీనికి తిండి పెట్టేది నేను, నీళ్ళు పోసేది నేను,” అంది నాతో. “ఎవరడిగినా సారుగారి కుక్కే అనుకో.” అప్పటిదాకా ‘మీరు’ అన్న మనిషి నువ్వులోకి దిగింది. ఎందుకో నాకది ఎంతో ధైర్యంగా అనిపించింది. “ఇంటికెళ్ళాక మీకేమీ కాదు కదా మేడమ్?” అన్నాను. “అవుతుంది,” అంది ఆవిడ. “డ్రైవరు ఈపాటికి చెప్పే ఉంటాడు.”

చెప్పాడు. రెండు రక్తాలూ ఒకదానికొకటి పడతాయో లేదో కలిపి చూసి, పడతాయని తేల్చుకుని డాక్టరమ్మ సంచీ కొక్కేనికి తగిలిస్తుండగా నా ఫోన్ మోగడం మొదలైంది. మా ఆయన. ఎత్తలేదు. మూడుసార్లు మోగి ఆగిపోయింది. రెండు నిమిషాల్లో బల్ల మీద ఆసుపత్రి ఫోన్ మోగింది. డాక్టరమ్మ చేతులకు తొడుగులున్నాయని స్పీకరు నొక్కింది.

“మా ఆవిడ అక్కడే ఉందా? మేనేజరుగారు ఫోన్ చేసి నానా మాటలూ అన్నారు నన్ను. చూడండి డాక్టరుగారూ, అది ముసలి కుక్క, దాన్ని ఇంకా బాధపెట్టడం నాకిష్టం లేదు. ఆపెయ్యండి. ఏదో ఇంజక్షన్ ఇచ్చి ప్రశాంతంగా పంపించెయ్యండి. మీ దగ్గర కార్డు మీద ఓనరు పేరు నాదే ఉంటుంది.”

ఉంది. మొదటి టీకా రోజున యజమాని పేరేంటని అడిగితే నేనే ఆయన పేరు చెప్పాను. ఇంకెవరి పేరు చెప్తాం? తొమ్మిదేళ్ళలో ఆయన ఈ గడప తొక్కలేదు. డాక్టరమ్మ కార్డు వంక చూసింది, నా వంక చూసింది. బూచి కాలికి గుచ్చిన సూదికీ ఆ సంచీకీ మధ్య గొట్టం ఖాళీగా వేలాడుతోంది. మేడమ్ నా మోచెయ్యి పట్టుకుంది.

“అలాగే సార్,” అంది డాక్టరమ్మ. నేను బూచిని గట్టిగా పట్టుకున్నాను. “ఆపాలంటే ఓనరు చెప్పిన వివరాలు రాసుకోవాలి. దాని వయసెంత?”

“ఏడో... ఎనిమిదో.”

“బరువు?”

“బరువంటే... మామూలు కుక్క బరువే.”

“దానికి ఏ మందు పడదు?”

మూడేళ్ళ క్రితం ఒక ఇంజక్షనుకి దాని మొహమంతా వాచిపోతే రెండు రోజులు నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ మందు పేరు నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

“ఎన్ని రోజుల్నుంచి రక్తం పోతోంది సార్?”

“అవన్నీ నన్నడిగితే ఎలాగండీ?” విసుక్కున్నాడు మా ఆయన. “అవన్నీ మా ఆవిడకు తెలుసు.”

“అయితే ఆవిడనే అడుగుతాను సార్,” అని డాక్టరమ్మ ఫోన్ పెట్టేసింది.

నా వైపు తిరిగింది. “ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఎక్కించినా బతుకుతుందని మాటివ్వలేను. సగం సగం. ఎక్కిస్తుండగానే ఒళ్ళు ఎదురు తిరగచ్చు కూడా. మీరు చెప్పండి.”

బూచి కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. నా పెదవుల మీదికి ‘ఆయన్ని’ అనే మాట అలవాటుగా వచ్చేసింది. దాన్ని అక్కడే ఆపేశాను.

“ఎక్కించమ్మా,” అన్నాను. “బతక్కపోతే ఆ మాట నాకే చెప్పు. ఆయనక్కాదు.”