ఒక పొర తక్కువ

నాకు కోపం ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది. హరిచందన మీద వచ్చింది మాత్రం పోవడం లేదు.

దూలపల్లిలో నాదొక రేకుల షెడ్డు. ఈతగాళ్లు కాళ్లకు తొడుక్కునే ఫిన్స్ చేత్తో చేస్తాను. అంతకు ముందు చెప్పుల అడుగులకు అచ్చులు చేసే ఫ్యాక్టరీలో పదకొండేళ్లు పనిచేశాను కాబట్టి పాదం సంగతి నాకు తెలుసు. మనిషిని కూర్చోబెట్టి రెండు పాదాలకూ ప్లాస్టర్ వేసి అచ్చు తీస్తాను. ఆ అచ్చుకు సరిపడా రబ్బరు తొడుగు, దాని ముందు పొరమీద పొర ఫైబర్ గుడ్డ అంటించి చేసిన పలక. ఎక్కడ ఎంత వంగాలో వేళ్లతో చూసుకుంటూ గరుకు కాగితంతో రుద్దుతాను. రెండు కాళ్లూ ఒకేలా ఉన్న మనిషిని నేనింతవరకు చూడలేదు.

హరిచందన వాళ్లది భీమవరం వైపు. కొంపల్లి విల్లాల్లో ఉంటారు. తను ఫిన్స్‌తో ఈదే పోటీలకు వెళ్తుంది. స్కూటీ మీంచి పడి ఎడమ చీలమండ విరిగాక, బజారులో దొరికే ఫిన్స్ ఏవీ పనికిరాక నా దగ్గరికి వచ్చింది. ఆ కాలి మాట ఎత్తితే చాలు, కళ్లనీళ్లు పెట్టుకునేది. ఏడాదిలో ఆరు జతలు చేసి పారేశాను. ఏడో జతలో ఎడమ పలకకు ఒక పొర తగ్గించి మెత్తగా చేశాను, తొడుగును కొంచెం లోపలికి తిప్పాను.

"రెండూ ఒకటేనా అక్కా?" అని అడిగింది.

"రెండు ఒక్కతీరుగనే ఉన్నయి. నీ కాలు మంచిగైంది, గంతే" అన్నాను.

ఆ అబద్ధాన్ని నమ్ముకునే ధైర్యంగా ఈదింది. రాష్ట్ర పోటీల్లో గెలిచి, నేరుగా షెడ్డుకు వచ్చి పతకం నా మెడలో వేసింది. ఆ రోజు ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

మేడ్చల్‌లో పిల్లలకు ఈత నేర్పే లక్ష్మణ్, వాళ్ల ఫిన్స్ నాతోనే చేయిస్తానన్నాడు. వాటి మీద వేయడానికి నా పేరుతో ముద్ర కూడా చెక్కి పెట్టుకున్నాను. తర్వాత ఆర్నెల్లు ఉలుకూ పలుకూ లేదు. ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"కొత్త ఫిన్సు తెచ్చినం అక్కా. పోరగాండ్లు సక్కగ పోతలేరు. ఓసారి వచ్చి సూడరాదే."

వెళ్లాను. నీళ్లలో పదిహేనుమంది పిల్లలు, కాళ్లకు నీలం ఫిన్స్. పదిహేనుమందీ ఎడమ పక్కకే కొట్టుకుపోయి, వరుసలను విడదీసే తాడుకు తగులుతున్నారు. ఒడ్డున ఉన్న జత తీసి వంచి చూశాను. ఎడమది మెత్తగా వంగింది. తొడుగు లోపలికి తిరిగి ఉంది. డబ్బా మీద పతకంతో హరిచందన ఫొటో, కింద 'డిజైన్: హరిచందన'.

"గివి నేను జేసినయి లక్ష్మణ్."

"నాకెరికే అక్కా" అన్నాడు, నా మొహం చూడకుండా. "పెద్దోళ్లతోని మనకెందుకు?"

అక్కడి నుంచే కొంపల్లి బస్సెక్కాను. హరిచందన నవ్వుతూ తలుపు తీసింది, కాఫీ ఇవ్వబోయింది. వద్దన్నాను.

"మీరొక్కరే ఎన్నని చేస్తారక్కా? అందుకే నా జత ఫ్యాక్టరీవాళ్లకి ఇచ్చాను. అయినా అది నా కాలికి చేసిందేగా. ఆ లెక్కన డిజైను నాదే" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "పిల్లలు ఒక పక్కకి పోతున్నారట. ఎందుకో వాళ్లకి అంతుపట్టట్లేదు. మీకు తెలిస్తే చెప్పండక్కా, ప్లీజ్."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట. నోరు మూసుకుని లేచి రావచ్చు. కానీ ఆ పిల్లల చీలమండలేం పాపం చేశాయి? నిజం చెప్పాలంటే, ఆమెను ఏడిపించాలని కూడా ఉంది.

"ఎడమదానికి ఒక పొర తక్కువేసిన. నీ కాలు మంచిగ కాలె చందనా, ఇగ కాదు. గందుకే గట్ల జేసిన. నువ్వు ఏడుస్తవని చెప్పలె."

ఆమె మొహం పాలిపోయింది. ఎడమ పాదాన్ని కుర్చీ కిందికి లాక్కుంది. బస్టాపు దాకా నాకు సంతోషంగానే ఉంది. ఆ తర్వాత సిగ్గేసింది. క్షమించమని అడుగుదామని ఆ వారంలో రెండుసార్లు ఫోన్ తీసి, మళ్లీ పెట్టేశాను.

నెల తిరక్కముందే లక్ష్మణ్ కొత్త డబ్బా పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. ఇందులో రెండు పలకలూ సమానమే, ఇప్పుడు పిల్లలు తిన్నగా ఈదుతున్నారట.

"గామె కత సదువక్కా, మస్తు రాసిండ్రు."

ఈసారి ఫొటోలో ఆమె ఎడమ పాదం ముందుకు పెట్టి నిలబడింది. 'నా విరిగిన కాలి కోసం నేనే, నా చేతులతో తయారు చేసుకున్నాను. ఎడమదానికి ఒక పొర తక్కువ వేశాను' అని ఉంది. నేను చెప్పింది చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా.