దుర్బీన్ ఎత్తు

"ఇంట్ల పాత టవళ్లే లేనట్టు కొత్తదే దొరికిందా మీకు?" అన్నాను.

మా ఆయన ఆత్మారాం తలెత్తలేదు. దాన్ని మడిచి రైఫిల్ వెనక, చెంప ఆనించే కర్రకు చుట్టి, తాడు బిగిస్తున్నారు.

"టవలే గదా, బంగారమా?"

"బంగారమైతే అసలు ఇంట్లకే రాకపోవు."

"ఊకో ఇగ."

నిరుడు ఎండాకాలం ఆయన కుడి దవడలో కేన్సరు గడ్డ తీశారు. ఎముక కూడా కొంత తీసేయాల్సి వచ్చింది, చెంప లోపలికి పోయింది. చెరుకులో అడవిపందులు పడితే బోధన్ వైపు రైతులు పిలిచేది ఆయననే. లైసెన్సూ అనుమతీ ఉన్న షూటరు. తన చెరుకు కాపాడమని ఎడపల్లి రైతు పోశన్న రోజూ ఫోన్ చేస్తున్నాడు. కానీ ఇప్పుడు గురి చూసేందుకు తుపాకీ మీద బిగించిన దుర్బీన్‌లో గుండ్రం నిండుగా కనబడటం లేదట. టవలు చుట్టినా అంతే.

"రింగులు ఎత్తయినయి. చిన్నయి ఏపిస్తే సరి," అన్నారు.

ఇద్దరం నిజామాబాద్ వెళ్లాం. అక్కడ తుపాకులు బాగుచేసే జలీల్ భాయ్ దుర్బీన్‌ను పట్టి ఉంచే రింగులు విప్పి, పొట్టివి బిగించాడు. దుర్బీన్ ముందు అద్దానికీ తుపాకీ గొట్టానికీ మధ్య కాగితం దూర్చబోతే దూరలేదు.

"ఇంతకన్న కిందికి రాదన్నా. అద్దం తగుల్తున్నది."

పాతవే మళ్లీ బిగించాడు. "కండ్లు మూసి చెంప ఆనించు. ఇప్పుడు తెరువు. ఏం కనబడ్తున్నది?"

"సగం నలుపే."

జలీల్ భాయ్ కర్ర మీద మందపాటి తోలుదిండు పెట్టాడు. "గట్టిగ ఆనించన్నా. వదులుగుంటే గుండు ఎటు పోతదో చెప్పలేం."

ఆనించారు. వెంటనే తల వెనక్కి లాక్కున్నారు. కోసిన చోట నొప్పికి కంట్లో నీళ్లు.

"ఎడమ దిక్కు ఆనిస్తే?" అన్నాడు జలీల్ భాయ్.

"ఎడమ కన్ను పుట్టుకతోనే మసక."

ఏళ్ల కిందట దుర్బీన్ కొన్నప్పుడు, ఈ దుకాణంలోనే మూడు జతలు మార్చి చూసి ఈ రింగులు ఎంచుకున్నారు. అప్పుడు ఆ ఎత్తు ఆయనకు సరిగ్గా కుదిరింది. రింగులు అవే, తుపాకీ అదే. మారింది ఆయన చెంపే.

రాత్రి మా అమ్మాయి హర్షిణి ఆయనకు మెత్తని అన్నంలో చారు కలిపి ఇచ్చింది. రెండు ముద్దలు తిని గిన్నె పక్కన పెట్టారు.

"రేపు ఠాణాకు పోయి తుపాకి అప్పజెప్త."

"ఇంకొన్ని దినాలు సూద్దాం బాపూ," అంది హర్షిణి.

"చెరుకుల కూలోళ్లుంటరు బిడ్డా. సరిగ కనబడకుండ అందాజకు కాల్చేది కాదది." నావైపు తిరిగారు. "పోశన్నకు ఫోన్ చేసి వేరేటోన్ని పిలుసుకొమ్మను. ఇయ్యాల్నే చెప్పు. నా కోసం ఆగిండంటే తోట దక్కదు."