మెత్తటి పాదాలు

నాచారంలోని ఆ ఫ్యాక్టరీ మేనేజరు గోపాలరావుగారికి పరుగుపందెమంటే ప్రాణం, తను పరిగెత్తనక్కర్లేనంత కాలం. టెంపరరీ కూలీల్లో ఒకణ్ణి పర్మనెంటు చెయ్యాల్సి వస్తే చాలు, అందర్నీ గేటు నుంచి ఉప్పల్ చౌరస్తా దాకా పరిగెత్తించి వెనక్కి రప్పించేవారు. వెనకాలే జీపులో, ఫ్లాస్కులో కాఫీ పెట్టుకుని ఆయన వచ్చేవారు. గెలిచినవాడికి గేటు కాపలా ఉద్యోగం. పరుగు మాత్రం కంపెనీ బూట్లతోనే తియ్యాలి. మర్నాడు అవే బూట్లతో షిఫ్టంతా గేటు దగ్గర నిలబడాలి కూడా. కుంటాడా, ఉద్యోగం రెండోవాడికి పోతుంది.

దామోదర్‌కు ఆ ఉద్యోగం కావాలి. భార్య సూర్యకళ కడుపుతో ఉంది. పని దొరికిన రోజు పొయ్యి వెలుగుతుంది, దొరకని రోజు లేదు. పరుగులో అతన్ని పట్టుకునేవాడు ఆ చుట్టుపక్కల లేడు. పుట్టినప్పటి నుంచి చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్ళు. అరికాళ్ళు ఎండిన జొన్నరొట్టెలా ఉండేవి. తుమ్మముల్లు గుచ్చుకుంటే ముల్లే విరిగేది.

అదే వాకిట్లో రెండో వాటాలో సూర్యకళ అక్క హైమావతి, ఆమె మొగుడు భూషణం ఉండేవారు. భూషణం కొన్నాళ్ళు మిలిటరీలో వంటవాడుగా చేసి వచ్చాడు. అందుకని బూట్ల గురించి అతను చెప్పిందే వేదం. అతనూ పందెంలో ఉన్నాడు.

"గీ మొద్దు తోలుకే బూటు కరుస్తది తమ్మీ," అన్నాడు తోడల్లుడి కాలు పట్టి చూసి. "రోజు వేడినీళ్ళల్ల నానబెట్టు. ఇటుకముక్కతోని రుద్ది, నూనె పట్టియ్యి. మెత్తగైతే కరవదు. మిలిటరీల గిట్లనే జేస్తరు."

ఎంత ప్రేమగా చెప్పాడో, పాపాత్ముడు.

ఆ రోజు నుంచి సాయంత్రమయ్యేసరికి సూర్యకళ నీళ్ళు కాచేది. మొగుడి పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఇటుకముక్కతో రుద్దేది. దామోదర్ సిగ్గుతో చచ్చిపోయేవాడు.

"దొరలెక్క గిట్ల కాళ్ళు కడిగించుకుంటే ఎవరన్న సూస్తే నవ్వుతరే."

"ఊకో. పర్మనెంటయినంక నువ్వు నా కాళ్ళు కడుగుదువు గాని."

పందెం నాటికి ఆ పాదాలు పసిపిల్లవాడి పాదాల్లా తయారయ్యాయి. సూర్యకళ చూసుకుని మురిసిపోయింది. నానిన మెత్తటి తోలు గట్టి బూటులో ముందు కందుతుంది, తర్వాత బొబ్బలెక్కుతుంది, ఆ తర్వాత ఊడొస్తుంది. ఆ సంగతి ఆ వాకిట్లో భూషణానికి ఒక్కడికే తెలుసు.

ఉప్పల్ చౌరస్తా దాకా దామోదరే ముందున్నాడు. అక్కడ వెనక్కి తిరిగేసరికి మడమల్లో నిప్పు పెట్టినట్టయింది. కాసేపటికి బూట్లలో తడి తగిలింది. భూషణం పక్కనుంచి దాటిపోతూ, "నిమ్మళంగ రా తమ్మీ, ఫికర్ జెయ్యకు," అన్నాడు. దామోదర్ పళ్ళు బిగించుకుని రెండోవాడుగా వచ్చాడు. "రెండో స్థానం కూడా తక్కువేం కాదయ్యా," అని గోపాలరావుగారు కాఫీ తాగారు.

బూట్లు విప్పితే బొబ్బలన్నీ చితికి ఉన్నాయి. సూర్యకళ ఏడుస్తూనే కడిగి, శుభ్రమైన గుడ్డ కోసం అక్క దగ్గరికి వెళ్ళింది. గూట్లో సబ్బు పక్కన అరిగిపోయిన పెద్ద పటికముక్క కనిపించింది.

"గదా? మీ బావ రోజు కాళ్ళకు రాసుకుంటుండె," అంది హైమావతి అమాయకంగా. "తోలు గట్టిపడ్తదట. ఇన్నాళ్ళు కాళ్ళకు తడి గూడ తగలనియ్యలే."

సూర్యకళకు ఒళ్ళంతా మండిపోయింది. తన చేతులతోనే, తన ఇటుకముక్కతోనే చేయించాడు.

అప్పుడే మంచం మీంచి భూషణం పిలిచాడు. అతని మడమ మీదా ఒక బొబ్బ లేచింది. "మీ అక్క నెత్తురు సూస్తే పడిపోతది. జర నువ్వు సూడు సూర్యా. సూది కాల్చి పక్కన పొడిసి నీళ్ళు తియ్యి. పై తోలు మాత్రం తియ్యకు. అది ఉంటేనే మానుతది. రేపు నిలబడాలె."

ఎంత బాగా తెలుసు ఆయనకు!

"నాకెరుకే బావా. కండ్లు మూసుకో."

సూర్యకళ సూది పక్కన పెట్టింది. గోళ్ళతో బొబ్బ తోలు పట్టుకుని మడమ మొత్తం ఒలిచి, వంటింటి ఉప్పు తెచ్చి అద్దింది. భూషణం కేక వాకిలి దాటి వినిపించింది. ఆమెకు చాలా హాయిగా అనిపించింది.

తెల్లవారి భూషణం గేటు దాకా కుంటుతూ వెళ్ళాడు. గోపాలరావుగారు జీపు దిగకుండానే చెయ్యి ఊపి పంపేసి, రెండోవాణ్ణి పిలవమన్నారు.

"నాతోని కాదు సూర్యా," అన్నాడు దామోదర్. పచ్చిపుండ్లయిన పాదాలు నేలకు ఆనించలేక పైకి ఎత్తుకుని కూర్చున్నాడు.

సూర్యకళ గుడ్డలు చుట్టింది. ఆ పాదాలను బూట్లలోకి తోసింది. అతను గోడ పట్టుకుని వద్దు వద్దంటున్నా ఆగలేదు. తాళ్ళు బిగించి ముడేసింది. "కాదంటే ఎట్ల? నిలబడు."

నిలబడ్డాడు. షిఫ్టంతా, ఎండలో, కదలకుండా. షిఫ్టు ముగిసే వేళకు గోపాలరావుగారు ఆగి, "చూశావా, పరుగు మనిషికి ఎంత పట్టుదల నేర్పుతుందో," అని భుజం తట్టి, పర్మనెంటు చేస్తున్నానని చెప్పారు.

సాయంత్రం బూట్లు ఊడలేదు. కొయ్యడానికి లేదు, కంపెనీవి. సూర్యకళ రెండు చేతులతో లాగింది. గుడ్డలతోపాటు తోలూ వచ్చింది. దామోదర్ అరవలేదు.

ఆమె నీళ్ళు కాచి తెచ్చింది. నూనె గిన్నె పక్కన పెట్టుకుని ఎప్పటిలాగే కూర్చుని, ఒడి సర్దుకుని, పాదం కోసం చెయ్యి చాచింది.

అతను కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వు ముట్టకు," అన్నాడు.