కోసేసిన ఖాళీలు

ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ ఇంజినీరు బాలశౌరికి శుభ్రం పిచ్చి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వినబడినా, ఉత్త ఖాళీ ఉన్నా కోసిపారేసేవాడు. ముప్పై ఏళ్ల అలవాటు, ఎక్కడికి పోతుంది!

అతని భార్య కరుణాకుమారి ఒకప్పుడు ఎందరో హీరోయిన్లకు గొంతిచ్చింది. ఇప్పుడు పాపం, మెదడులో నరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు. నడక పోయింది, మాట ముద్దయింది. ఈమధ్య నిద్రలో గొంతు కీచుమంటోంది.

"ఈ జబ్బులో నిద్రే ప్రమాదమండీ," అన్నాడు డాక్టరు. "పడుకున్నప్పుడు ఊపిరి ఎలా ఉందో రికార్డు చేసి తీసుకురండి. తేడా ఉంటే వెంటనే ఊపిరి అందించే మాస్కు మెషిన్ పెట్టాలి."

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆమె కునుకు తీస్తుంటే బాలశౌరి మంచం పక్కన స్టూడియో మైకు పెట్టాడు. తర్వాత విన్నాడు. ఆ గొంతేనా ఇది? దీన్ని పరాయివాడికి ఎలా వినిపించడం? ఫ్యాను హోరు తీసేశాడు. కీచుని మెత్తబరిచాడు. మధ్యమధ్య ఏ చప్పుడూ లేని ఖాళీలు బోలెడు. వాటిని చెయ్యి దానంతటదే కోసేసింది. మహానుభావుడు! అంత చక్కగా నిద్రపోయే రోగిని లోకంలో ఎవరూ చూసి ఉండరు.

డాక్టరు అక్కడక్కడా విన్నాడు. "ఊపిరి బాగానే ఆడుతోంది. మెషిన్ ఇప్పుడే అక్కర్లేదు. మూడు నెలల తర్వాత రండి," అన్నాడు.

బాలశౌరికి ప్రాణం తేలికపడింది. తిరిగొస్తుంటే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సిగ్నల్ పడింది. పక్క సీట్లో కరుణాకుమారి మాటలు కూడబలుక్కుంది.

"నేను... ఎంతసేపు పడుకున్నానండీ?"

"గంట."

"డాక్టరుకిచ్చింది... ఎంతుంది?"

"ముప్పై ఎనిమిది నిమిషాలు."

"మిగతాది?"

"ఏముందందులో? ఉత్త ఖాళీలు. కోసేశాను."

డబ్బింగ్ గదుల్లోనే బతికిన మనిషి, ఖాళీ అంటే ఏమిటో ఆమెకి వేరే చెప్పాలా?

"ఆ ఖాళీల్లో... నేనేం చేస్తున్నానండీ?"

బాలశౌరికి అప్పుడు వెలిగింది. ఇరవై రెండు నిమిషాలు. ఊపిరి ఆగిపోయిన ఇరవై రెండు నిమిషాల్ని తన చేత్తో తనే తుడిచేశాడు. దేవా, ఎంత పని చేశాను!

సిగ్నల్ మారింది. వెనక హారన్లు. కరుణాకుమారికి అలసటొచ్చి తల పక్కకి వాలిపోతోంది.

"పడుకోకు కరుణా, నీకు దణ్ణం పెడతాను, పడుకోకు," అని ఏడుస్తూ బాలశౌరి కారు వెనక్కి తిప్పాడు.