నిప్పున్న వైపు

శనివారం పొద్దున్నే మహీధర్ డైనింగ్ టేబుల్ మీద రెండు ఎలక్ట్రానిక్ సిగరెట్లు పెట్టి, అత్తగారిని పిలిచి కూర్చోబెట్టాడు. కోటేశ్వరి కూర్చుంది. కూర్చోక ఏం చేస్తుంది? కూతురు రజితకి తొమ్మిదో నెల. దగ్గరుండి పురుడు పోస్తానని మాటిచ్చి, సోంపేట నుంచి సింగపూరులో పుంగ్గోల్ దాకా వచ్చిన మనిషి. అల్లుడేమో గురువారంనాడే తెగేసి చెప్పాడు, మళ్ళీ అడ్డపొగ తాగితే ఆదివారం ఫ్లైటుకి టిక్కెట్టు తీసేస్తానని.

అడ్డపొగంటే తెలియనివాళ్ళకి చెబుతున్నాను. చుట్టని తిరగేసి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. సోంపేట సముద్రపుటొడ్డున ఆడవాళ్ళకి అదో విద్య, ఎంత గాలి కొట్టినా నిప్పు ఆరదు. ఇక్కడ చుట్టల్లేవు గనక కోటేశ్వరి కొట్లో సిగరెట్టు కొని, ఫిల్టరు తుంపేసి, తిరగేస్తుంది. అదీ ఇంట్లో కాదు, కడుపుతో ఉన్న పిల్ల దగ్గర అసలే కాదు. రోడ్డు దాటి, పొగ తాగొచ్చని బోర్డున్న మూలకి పోయి మరీ తాగుతుంది. అంగిలికి ముప్పని డాక్టరు చెప్పాడు. మానాలనుకున్నరోజు ఆవిడే మానుతుంది, ఇంకొకరు మానిపించలేరు.

చట్టానికి లేని నొప్పి అల్లుడికొచ్చింది. పక్క బ్లాకులో ఉండే నవనీత్, ఇద్దరిదీ ఒకటే ఆఫీసు, అక్కడ అందరి ముందూ, "నోట్లో నిప్పు పెట్టుకునే ఆవిడ మీ ఇంట్లోనే ఉంటుందా?" అని అడిగాడట. అంతే, పరువు గంగలో కలిసిపోయింది.

"మూడ్రోజులు చదివాను అత్తయ్యా," అన్నాడు మహీధర్. "ఇది ఫిక్స్‌డ్ వోల్టేజి. ఎప్పుడూ ఒకటే వేడి, పీల్చడం తప్ప ఏం చెయ్యక్కర్లేదు. ఇది వేరియబుల్. ఈ చక్రం తిప్పితే వేడి పెరుగుతుంది, తగ్గుతుంది. కొత్తవాళ్ళకి మొదటిదే తేలిక. మీకు చుట్ట ఘాటు అలవాటు కదా, అందుకని రెండూ తెచ్చాను. ఏదో ఒకటి ఎంచుకోండి."

"ఎక్కువా తక్కువా నా నాలికకి తెలుసు బాబూ. నలభై ఎనిమిదేళ్ళు నోరు కాల్చుకోకుండా తాగినాను. నాకు సక్రం ఎందుకు?"

అన్నదే గానీ, టిక్కెట్టు సంగతి గుర్తొచ్చి చక్రమున్నదాన్నే తీసుకుంది. కనీసం తిప్పుకోడానికైనా తన చేతిలో ఏదో ఒకటి ఉంటుందని. మహీధర్ మీట నొక్కితే ఒక కొసన ఎర్ర లైటు వెలిగింది. కోటేశ్వరి శుభ్రంగా ఆ లైటున్న కొసనే నోట్లో పెట్టుకుంది.

"అటు కాదత్తయ్యా, లైటు బయటికుండాలి."

"నిప్పు బయటుంటే ఆరిపోదేటి?"

సోఫాలో ఎనిమిదేళ్ళ తన్మయి, ఆవిడ మనవరాలు, పకపకా నవ్వింది. అమ్మమ్మ చేతిలో ఉన్నదేమిటో చూశాక నవ్వు ఆపేసింది.

"అమ్మమ్మా, దట్ వన్ కెనాట్ లా. అదిక్కడ బ్యాన్, స్కూల్లో చెప్పారు. పట్టుకుంటే ఫైన్ వేస్తారు. కమ్యూనిటీ క్లబ్బు దగ్గర ఇలాంటివి పారేసే డబ్బా ఉంది, మనమే వెళ్ళి అందులో వేసేస్తే ఏమీ అనరు."

కోటేశ్వరి అల్లుడి వంక చూసింది. అల్లుడు ఫ్యాను వంక చూస్తున్నాడు.

"నిజమేనా బాబూ?"

"వాసన రాదు కదత్తయ్యా. ఇంట్లో తాగితే ఎవరికి తెలుస్తుంది?"

ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. "బాగుంది నాయినా నీ పరువు. నలుగురూ సూస్తుండగా నాను తాగితే తప్పు, నువ్వు దొంగసరుకు తెచ్చి తలుపేసి తాగిస్తే మర్యాదా? రేపు నీ ఉద్యోగం మీదికొస్తే ఆ నిండు సూలాలు ఏ గుమ్మం ఎక్కాల? టిక్కెట్టు తీస్తావా, తియ్యి. రేపెందుకు, ఇయ్యాలే తియ్యి. కానీ నా కంటే ముందు ఇవి ఈ ఇల్లు దాటాల."

రెండింటినీ కొంగున మూటగట్టుకుని లేచింది.

"చీకటి పడ్డాక నేనే పడేసొస్తాను, మీరు కూర్చోండి."

"సీకటెందుకు? పారెయ్యడానికి కూడా సిగ్గేనా నీకు?"

ముందు ఆవిడ, వెనకాల చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా అతను. దారి చూపించక తప్పలేదు. క్లబ్బు గుమ్మం దగ్గర జనం అటూ ఇటూ పోతుండగానే కొంగు విప్పి, రెండూ డబ్బాలో వేసి, చేతులు దులుపుకుంది. వచ్చే దారిలో ఆ బోర్డున్న మూల దగ్గర ఆగింది. సిగరెట్టు తీసి, ఫిల్టరు తుంపి, వెలిగించి, తిరగేసి నోట్లో పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే నవనీత్, కాఫీ పోయించుకున్న ప్లాస్టిక్ సంచి పట్టుకుని ఎదురొచ్చాడు.

"బ్రో, ఈవిడేనా?"

మహీధర్ చెవులు ఎర్రబడ్డాయి. నాకు తెలీదని నడిచిపోవచ్చు, రెండడుగులు పక్కకేస్తే చాలు. కోటేశ్వరి అతని వంక చూడనుకూడా లేదు. తలెత్తుకుని ముక్కులోంచి పొగ వదులుతోంది.

"మా అత్తగారు," అన్నాడు మహీధర్. "రజిత పురుటికొచ్చారు. పురుడయ్యేదాకా ఇక్కడే ఉంటారు."

కోటేశ్వరి అల్లుడి వైపు తిరిగి, నోట్లో నిప్పు కదలకుండానే మాట్లాడింది.

"ఎండలో నిలబడ్డావేటి బాబూ, ఇలా నీడలోకి రా."